షెడ్డు కంటే ముందు కూలి లెక్క

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఎనిమిది మంది ఆడవాళ్లం తాటాకు బుట్టలు అల్లుతాం. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టుల కోసం విజయవాడ షాపులవాళ్లు బుట్ట 80 రూపాయలకు తీసుకుంటారు. డబ్బులు మాత్రం రెండు నెలలకు గానీ ఇవ్వరు. అవి వచ్చాకే మిగతావాళ్లకు పంచుతాను. నెలకు 300 బుట్టలు పోతున్నాయి. మిరప కోతలప్పుడు మాత్రం మావాళ్లు చేలోకి వెళ్లిపోతారు. 5 లక్షలు లోన్ తీసుకుని షెడ్డు వేసి, స్టాక్ పెట్టుకోమంటున్నారు. చాలకపోతే అమ్మాయి పెళ్లికి దాచిన బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: బంగారం జోలికి వెళ్లొద్దమ్మా. షెడ్డు కూడా ఇప్పుడొద్దు.

ముందు బుట్ట లెక్క చూద్దాం. ఆకు, రంగు, ఆటో కిరాయి కలిపి ఒక్కోదానికి 20 రూపాయలు పోతాయనుకుందాం. మిగిలేది 60. ఒక మనిషి రోజుకు మూడు అల్లితే 180 రూపాయలు. అదీ రెండు నెలల తర్వాత చేతికొచ్చేది! మిరప కోతలు మొదలవగానే మీవాళ్లు చేలోకి వెళ్లిపోతున్నారంటే తప్పు వాళ్లది కాదు. మాఘమాసం ముహూర్తాలకు మీకు ఆర్డర్లు ముంచుకొచ్చేదీ సరిగ్గా అప్పుడే. షెడ్డు వేసినంత మాత్రాన అందులో కూర్చుని అల్లే చేతులు దొరకవు.

రోజుకు 400 కూలి ముందే వేసుకుని, అక్కణ్ణుంచి ధర కట్టండి. బుట్టకు కూలి 133, ఖర్చులు 20, పాడైనవాటికీ, లెక్కలు చూసే మీ శ్రమకూ ఇంకో 20. అంటే 175 దగ్గర. ఇంత ధరకు షాపువాళ్లు ఒప్పుకోరనే కదా మీ భయం? అదే బుట్టను వాళ్లు ఎంతకు అమ్ముతున్నారో ఒకసారి కొనేవాళ్లలా వెళ్లి అడిగి రండి. బేరానికి అంతకంటే ఆయుధం లేదు. అయినా దిగిరాకపోతే బుట్ట సైజు తగ్గించండి, కూలి తగ్గించొద్దు. పెళ్లివాళ్లకు నేరుగా అమ్మే దారి కూడా వెతకండి.

ఇక ఆలస్యం సంగతి. షాపువాడు మీకు అరువు పెడుతున్నాడు, మీరు ఆ ఏడుగురికీ పెడుతున్నారు. అంటే విజయవాడ షాపు మీ ఊరి ఆడవాళ్ల కూలి డబ్బులతో నడుస్తోంది. ఆధార్‌తో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు) చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, రిజిస్టరైన చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే వడ్డీ కూడా పడుతుంది. కేసుల దాకా వెళ్లమని కాదు. ఆర్డర్ కాగితం మీద ఉద్యమ్ నంబరు వేసి, సగం అడ్వాన్స్ అడగండి.

ఇప్పుడు లోన్. 300 బుట్టలకు వంద పనిదినాలు, కూలి 40,000. రెండు నెలల ఆలస్యాన్ని తట్టుకోవాలంటే 80,000 చేతిలో ఉంటే చాలు. మీకు కావలసింది లక్షే. 5 లక్షలకు 12 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే నెలకు 16,600 వాయిదా. మీ నెల అమ్మకాలే 24,000!

లక్ష కోసం పీఎం విశ్వకర్మ చూడండి, చేతివృత్తులవాళ్లకు కేంద్ర ప్రభుత్వ పథకం అది. బుట్టలు అల్లేవాళ్లు ఆ పథకం కిందకొచ్చే 18 వృత్తుల్లో ఉన్నారు. మొదటి విడత లక్ష వరకు, 5 శాతం వడ్డీ, 18 నెలలు. నెలకు సుమారు 5,800. పనిముట్లకు 15,000 విలువైన ఈ-వోచర్ కూడా ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే, సొంత వ్యాపారానికి గత ఐదేళ్లలో ఇలాంటి ప్రభుత్వ పథకాల కింద అప్పు తీసుకుని ఉండకూడదు. ఆ లక్షను వేరే ఖాతాలో ఉంచి, కూలికి తప్ప ముట్టుకోకండి. శనివారం శనివారం కూలి అందాలి, షాపువాడు ఇచ్చినా ఇవ్వకపోయినా.

స్టాక్ విషయానికొస్తే, వానాకాలంలో తాటాకుకు బూజు పడుతుంది, ఆ సరుకు తిరిగొస్తుంది. కాబట్టి ఏడాది పొడవునా నిల్వలొద్దు. ధనుర్మాసంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు. మాఘానికి కావలసినవి అప్పుడే అల్లించి, బాగా ఎండబెట్టి పెట్టుకోండి. దానికి మీ ఇంటి వసారా చాలు.