గొట్టంలో ఐసు: ధ్రువ సముద్రాల ఉప్పు లెక్క గురించి

ప్రశ్న: విశాఖలో ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ చదువుతున్నాను. ధ్రువ సముద్రాల్లో ఉష్ణోగ్రత, లవణీయత ఎలా సేకరిస్తారు? డేటా అంతా ఉచితంగా దొరుకుతోంది కదా, పైథాన్‌లో ప్రాసెసింగ్ నేర్చుకుంటే సరిపోతుందా? ఓడ ఎక్కాల్సిందేనా?

ఎక్కాల్సిందే. అంటార్కిటికా దాకా వెళ్లక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి బయలుదేరి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేంత దూరమైనా సరే, ఒక్కసారి వెళ్లి చేతులు తడుపుకుని రండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

నాది విశాఖే. ఇరవై ఏళ్లుగా సీటీడీ (నీటిలోకి దించి లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరం) డేటాతోనే నా పని. రెండుసార్లు దక్షిణ ధ్రువ సముద్రానికి వెళ్లొచ్చాను. సీటీడీ లోపల ఏముంటుందో, లవణీయతకి సూత్రం ఏమిటో మీ పాఠాల్లో ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోను. పాఠాల్లో ఉండనిది చెబుతాను.

మా అమ్మ వాళ్లది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. వేసవి సెలవుల్లో ఉప్పు మడుల గట్ల మీదే మా ఆటలు. ఎండ నీళ్లని తాగేస్తుంది, మడిలో మిగిలిన నీరు రోజురోజుకీ చిక్కబడుతుంది. తాతయ్య అందులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఇంకెన్ని రోజుల్లో ఉప్పు కడుతుందో చెప్పేవాడు. అంటార్కిటికా తీరంలో ఎండ చేసే ఈ పని చలి చేస్తుంది. సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పులో చాలా భాగం మంచులో ఇమడక కింది నీటిలోకి దిగిపోతుంది. ఆ నీరు చిక్కబడి, బరువెక్కి, ఖండం అంచు మీదుగా లోతుల్లోకి జారుతుంది. ప్రపంచ సముద్రాల అడుగున పరుచుకునే చల్లని నీరు ఇలాగే పుడుతుంది. వెడ్డెల్ సముద్రం, రాస్ సముద్రం, అడీలీ తీరం, మన భారతి పరిశోధన కేంద్రం ఉన్న ప్రిడ్జ్ బేకి పడమర వైపు కేప్ డార్న్‌లీ: ఇవి ఆ నీటికి పుట్టిళ్లు.

అక్కడ ఉప్పు లెక్క ఎంత సున్నితమో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన బంగాళాఖాతంలో 29 డిగ్రీల నీరు ఒక డిగ్రీ వేడెక్కితే సాంద్రతలో వచ్చే తేడా, లవణీయత (కిలో నీటిలో దాదాపు ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో చెప్పే అంకె) దాదాపు 0.45 మారితే వచ్చే తేడాకు సమానం. గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న మైనస్ 1.8 డిగ్రీల నీటిలో అదే ఒక డిగ్రీ, లవణీయతలో 0.03 తేడాకే సరితూగుతుంది. చల్లని సముద్రంలో ఏ నీరు మునగాలో ఏది తేలాలో ఉప్పే నిర్ణయిస్తుంది. రాస్ సముద్రపు తీర జలాల ఉప్పదనం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో దశాబ్దానికి సుమారు 0.03 చొప్పున తగ్గుతూ వచ్చిందని కనుక్కున్నారు. పరికరం 0.02 తప్పు చూపిస్తే అలాంటి విషయం సగానికి పైగా మాయమైపోతుంది. మన దగ్గర వానాకాలం తర్వాత నదుల నీళ్లు చేరి పైపొర 34 నుంచి 30 కిందికి పడిపోతుంటే 0.02 గురించి ఎవరికి టెన్షన్? మన దగ్గర నేర్చుకున్న చెయ్యి అక్కడికి వెళ్తే అలవాటు మార్చుకోవాలి. నేను మార్చుకోలేదు. ఏం జరిగిందో చెబుతాను.

మొదటి ప్రయాణం. కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కాం. నలభైల అక్షాంశాల్లో నాలుగు రోజులు అన్నం సహించలేదు. ప్రిడ్జ్ బే చేరేసరికి ఫిబ్రవరి. ఆ రాత్రి రెండు గంటల వేళ గాలి మైనస్ 9 డిగ్రీలు. డెక్ మీద మా రోసెట్: కోరిన లోతున మూసి నీటిని పట్టే పన్నెండు నిస్కిన్ బాటిళ్లు గుండ్రంగా బిగించిన చట్రం, దాని అడుగున సెన్సార్లు. సెన్సార్లు మామూలుగా రెండు జతలు ఉండాలి. రెండో జత కాలిబ్రేషన్‌కి వెళ్లి సమయానికి తిరిగి రాలేదు, ఒక్క జతతోనే నెట్టుకొస్తున్నాం.

కేబుల్‌ని దించి లాగే వించ్ దగ్గర ఉండే పెద్దాయనను మేమంతా బాబాయ్ అనేవాళ్లం. విశాఖ జాలారిపేట మనిషి. చిన్నప్పుడు నాన్నతో తెప్ప మీద, తర్వాత ట్రాలర్ల మీద, ఆ తర్వాత పరిశోధన ఓడల మీద పనిచేసి వచ్చాడు. కేబుల్ మీద చెయ్యి వేసి కింద చట్రం ఎలా కదులుతోందో చెప్పగలిగేవాడు.

ఇక్కడ బంగాళాఖాతంలో ప్రతి కాస్ట్ (పరికరాన్ని ఒకసారి దించి పైకి లాగడం) అయ్యాక కండక్టివిటీ గొట్టాన్ని, అంటే నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పు లెక్క చెప్పే గాజు గొట్టాన్ని, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ నీటిని అందులోనే నిలవ ఉంచుతాం. లోపల ఉప్పు పేరుకోకూడదని. ఐదేళ్లు అలా చేసిన చెయ్యి నాది. ఆ రాత్రి కూడా అదే చేశాను. మామూలుగా అయితే రోసెట్‌ని వెంటనే వెచ్చని హ్యాంగర్‌లోకి లాగేస్తారు. ఆ రాత్రి హ్యాంగర్ షట్టర్ మోటారు మొరాయించింది. రోసెట్ నలభై నిమిషాలు బయటే, గాలిలోనే ఉండిపోయింది.

తర్వాతి స్టేషన్, అంటే ఓడ ఆపి కొలిచే చోటు, వచ్చింది. దించాం. పది మీటర్ల దగ్గర రెండు నిమిషాలు ఆపి, కిందికి వదిలాం. స్క్రీన్ మీద లవణీయత 33.6, 33.7. అంతకు ముందు స్టేషన్‌లో అదే లోతున 34.2. దాదాపు 250 మీటర్ల దాకా ఉప్పు తగ్గిన పొర కనిపించింది. నా గుండె ఎగిరిపడింది. ప్రిడ్జ్ బే పక్కనే ఉన్న అమెరీ మంచు పలక కరిగి వచ్చిన నీళ్లు మాకు దొరికాయనుకున్నాను. పక్కవాణ్ని నిద్ర లేపాను. గ్రాఫ్ ప్రింట్ తీసి గోడకు అంటించాను కూడా.

పైకి లాగుతున్నప్పుడు ఆ పొర లేదు. అదే వంద మీటర్ల దగ్గర 34.2. నేను పట్టించుకోలేదు. దిగేటప్పటి కొలతనే నమ్మాలి, ఎక్కేటప్పుడు చట్రం తన పైనున్న నీటిని కలియబెట్టేస్తుంది అని నేర్చుకున్నాను. మన పాఠాలన్నీ అదే చెబుతాయి. అది నిజమే కూడా.

బాబాయ్ లోపలికి వచ్చి స్క్రీన్ వైపు కాసేపు చూశాడు. "బాబూ, ఇది నీటి సంగతి కాదు. గొట్టంలో ఐసు కట్టేసింది సూడు. మళ్లీ దించు" అన్నాడు.

ఒక్క మాటలో నాకు మొత్తం అర్థమైపోయింది, ఒళ్లు చల్లబడింది. నేను గొట్టంలో వదిలింది మంచినీరు. అది సున్నా డిగ్రీలకే గడ్డకడుతుంది. సముద్రం మాత్రం మైనస్ 1.9 దాకా నీరుగానే ఉంటుంది. మైనస్ 1.7 డిగ్రీల నీటిలోకి మంచినీటి గడ్డని దించితే అది వెంటనే ఎలా కరుగుతుంది? మెల్లగా కరుగుతూ, కరిగినంతసేపూ కరెంటు దారిని ఇరుకు చేస్తూ, ఉప్పు తక్కువని చూపిస్తూ పోయింది. పైకి వచ్చేసరికి గొట్టం శుభ్రమైంది. అదృష్టం కొద్దీ గాజు పగల్లేదు.

ఓడ ఒక గంట ఆగితే ఎంత ఖర్చో మా లీడర్‌కి తెలుసు. అయినా ఆ గంట ఇచ్చారు. బాబాయ్ సిరంజితో గొట్టంలోని నీరంతా లాగేసి ఆరబెట్టాడు. రెండోసారి దించితే ఆ పొర లేనేలేదు. అప్పటికీ నాలో ఒక మూల ఆశ: ఈలోగా ఓడ కొట్టుకుపోయిందేమో, నీరు మారిందేమో. తేల్చేది మొదటి కాస్ట్ పైకి వస్తుండగా మూసిన బాటిళ్లలోని నీరే. ఆ నీటిని పట్టడమే ఒక యజ్ఞం. కుళాయి గడ్డకట్టకముందే పట్టాలి. సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి. మెడ దగ్గర ఒక్క ఉప్పు రవ్వ లేకుండా తుడిచి, లోపలి బిరడా నొక్కి, పైన మూత బిగించాలి. చేతి తొడుగులతో ఈ పని కుదరదు. వేళ్లు స్పర్శ కోల్పోతాయి. సీసాలు గది వేడికి వచ్చేదాకా ఆగి, మర్నాడు ఉప్పదనాన్ని కచ్చితంగా కొలిచే సాలినోమీటర్‌లో పెట్టాం. వంద మీటర్ల సీసా 34.21. గోడ మీద అంటించిన గ్రాఫ్ నేనే తీసేశాను.

ఉప్పు సీసాల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి, చాలా రోజులుగా మనసులో ఉంది. ఒక ప్రయాణంలో సీసాల లోపలి బిరడాలు సరిపడా కొనలేదు. చవక వస్తువు అది. కొన్ని సీసాలు మూతలతోనే కంటైనర్‌లో నెలల తరబడి ఎండకు ఉడికి ఇంటికి చేరాయి. నీరు ఆవిరైతే మిగిలేది చిక్కటి ఉప్పు నీరే కదా, నౌపడలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అవన్నీ పారబోశాం. మరోచోట సాలినోమీటర్ గదిలో సాయంత్రం ఆరింటికి ఏసీ కట్టేసేవారు, కరెంటు ఆదా అని. పరికరం లోపలి నీటి తొట్టి 24 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండాలంటే గది కూడా దాదాపు అంతే స్థిరంగా ఉండాలి. విశాఖ మే నెలలో ఏసీ కట్టేస్తే ఏమవుతుంది? పొద్దున ఫలితం ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. కోట్లు పెట్టి ఓడ పంపి, ఏసీ దగ్గర లెక్క చూసుకోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఇక మీరడిగిన ప్రాసెసింగ్. అది అవసరం, నేర్చుకోండి. సెకనుకు 24 కొలతలు వస్తాయి. ఉష్ణోగ్రత సెన్సార్, కండక్టివిటీ గొట్టం ఒకే నీటిని ఒకే క్షణంలో చూడవు. ఆ సెకనులో చిన్న భిన్నం తేడా సరిచేయకపోతే ఉష్ణోగ్రత చటుక్కున మారే చోటల్లా లవణీయతలో అబద్ధపు ముళ్లు లేస్తాయి. గొట్టం గోడల్లో నిలిచిన వేడికి ఇంకో సవరణ. అలలకు ఓడ ఊగినప్పుడు చట్రం వెనక్కి వెళ్లి తను కలిపిన నీటినే మళ్లీ కొలుస్తుంది, ఆ ముక్కలు తీసెయ్యాలి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. గొట్టంలో ఐసు ఉందో లేదో మాత్రం సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. మా అబద్ధపు పొర అన్ని సవరణలూ దాటుకుని ఎంతో నున్నగా, అందంగా వచ్చింది.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అని చాలామంది అడుగుతారు. లవణీయత కొలిచే ఉపగ్రహం సముద్రపు చర్మాన్నే చూస్తుంది. నీరు చల్లబడే కొద్దీ దాని చూపు మందగిస్తుంది, మంచు కప్పితే అసలే కనపడదు. 1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఫ్రామ్ ఓడని కావాలని ఆర్కిటిక్ మంచులో ఇరికించి కొలిచింది కాబట్టే, చల్లని పైపొర కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీరు ఉందని తెలిసింది. పై నుంచి చూస్తే అది ఎప్పటికీ తెలిసేది కాదు. ఆర్గో ఫ్లోట్లు (తమంతట తామే మునిగి తేలుతూ కొలిచే పరికరాలు) పది రోజులకోసారి 2000 మీటర్ల నుంచి కొలుస్తూ పైకి వస్తాయి. దక్షిణాన వాటికి ఒక తెలివి నేర్పారు: పైపొర దాదాపు మైనస్ 1.8 దాకా చల్లబడి ఉంటే పైన మంచు ఉన్నట్టు, కాబట్టి పైకి రాకుండా వెనుదిరిగి, కొలతలు దాచుకుని తర్వాత పంపిస్తాయి. ఎలిఫెంట్ సీల్స్ తలకి చిన్న సీటీడీ అంటిస్తారు. శీతాకాలంలో ఏ ఓడా వెళ్లలేని చోటికి అవి వెళ్లి, బొచ్చు రాల్చే కాలం దాకా కొలతలు పంపుతాయి. కేప్ డార్న్‌లీ అడుగు నీటి సంగతి 2013లో బయటపడడంలో ఆ సీల్స్ పాత్ర ఉంది. నాకు వాటి మీద ఎంతో గౌరవం. కానీ ఆ ఫ్లోట్లైనా, సీల్స్ అయినా, వాటి లవణీయతను సరిదిద్దేది ఓడ మీద బాటిల్‌లో పట్టిన నీటితో సరిచూసిన కొలతలతోనే.

రెండేళ్ల క్రితం మన ఊళ్లోనే ఒక సెమినార్‌కి వెళ్లాను. ఒక కుర్రాడు ప్రిడ్జ్ బే మ్యాప్ వేసి, ఒక చోట నీలిరంగు మచ్చ చూపించి, ఇక్కడ మంచు కరిగిన నీరు స్పష్టంగా కనిపిస్తోంది అన్నాడు. ఆ స్టేషన్ నంబర్ చూసి నా కాళ్లు ఆడలేదు. అది మాదే. మొదటి కాస్ట్. ఫైల్‌లో ఆ కొలతలన్నిటికీ పక్కన 4 అని ఫ్లాగ్ ఉంది, చెడ్డ డేటా అని. కుర్రాడిది చెడ్డ ఉద్దేశం కాదు. కాలమ్‌లు ఎక్కువగా ఉన్నాయని ఫ్లాగ్ కాలమ్ తీసేసి చదివించుకున్నాడు, అంతే. విరామంలో పక్కకి పిలిచి జరిగింది చెప్పాను. సాయంత్రం ఇంటికి వచ్చి బీరువాలోంచి పాత లాగ్ షీట్ తీశాను. స్టేషన్ నంబర్ ఎదురుగా, రిమార్కుల గడిలో, బాబాయ్ పెన్సిల్‌తో తెలుగులో రాసిన నాలుగు మాటలు: "గొట్టంలో ఐసు. మళ్లీ దించాం." ఫైల్ తయారు చేసినప్పుడు ఆ గడిని ఎవరూ టైప్ చెయ్యలేదు. తెలుగులో ఉందని వదిలేశారో, పెన్సిల్ అని వదిలేశారో.

దాన్ని ఫొటో తీసి కుర్రాడికి పంపాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "సార్, ఇలాంటివి ఇంకా ఎన్ని స్టేషన్లకి ఉన్నాయి?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆదివారాలు ఇద్దరం కూర్చుని ఆ షీట్లలోని రిమార్కులన్నీ ఫైల్‌లోకి ఎక్కిస్తున్నాం. మీరూ వస్తానంటే రండి, ఇంకా రెండు పుస్తకాలు మిగిలి ఉన్నాయి.