చదువు–కొలువు: ఆ 180 గంటలు ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: బీకాం మొదటి సంవత్సరం అయిపోయింది. ఈ వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. సీనియర్లు తమ పాత రిపోర్టు ఇస్తాం, ఊరి పేరు మార్చి ఇచ్చెయ్ అంటున్నారు. నాకు కావాల్సింది అకౌంట్స్ ఉద్యోగం. ఇంటింటికీ తిరిగితే దానికేం ఉపయోగం?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పాత రిపోర్టు ముట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఈ ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు. రోజుకు ఆరు గంటలైతే ముప్పై రోజులు. పుస్తకంలో లేని లెక్కను మీరే సేకరించి, మీరే సరిచూసి, ఇంకొకరికి అప్పజెప్పే అవకాశం డిగ్రీలో ఇంత తొందరగా మళ్లీ రాదు. ఎంట్రీలు కొట్టే పని చాలావరకు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. వచ్చిన అంకె నమ్మొచ్చా లేదా అని పట్టుకునే మనిషి మాత్రం ఆఫీసుకు కావాలి.

సర్వేకు ఒక్క విషయమే తీసుకోండి, తాగునీళ్లు అనుకుందాం. ఊళ్లో 300 ఇళ్లుంటే ప్రతి ఐదో ఇల్లు చొప్పున 60 చాలు. రామాలయం వీధిలో మొదలుపెట్టి అక్కడే ముగించడం చాలామంది చేసే తప్పు. ఎస్సీ కాలనీ, ఊరి చివరి ఇళ్లు కూడా ఆ వరసలో రావాలి. తాళం ఉంటే మరో రెండుసార్లు వెళ్లి చూడండి. ఎండాకాలం పొద్దున్నే ఉపాధి పనికి పోతారు కాబట్టి సాయంత్రం ఐదున్నర దాటాకే మనుషులు దొరుకుతారు. ఇంటికి ఇరవై నిమిషాలు, పూటకు ఏడెనిమిది ఇళ్లు. అంతకు మించి తిరిగితే అలసిపోయి, వాళ్లు చెప్పింది వదిలేసి మీకు తోచింది రాసేస్తారు.

ప్రశ్నలు పన్నెండు దాటొద్దు. ముందు ఐదిళ్లలో అడిగి చూసుకోండి. ‘నీళ్ల ఇబ్బంది ఉందా?’ అంటే అందరూ ఉందనే అంటారు, గ్రామ సచివాలయం నుంచి వచ్చారనుకుని. ‘నిన్న కుళాయి ఎన్నింటికి వచ్చిందమ్మా? ఎంతసేపు? ఎన్ని బిందెలు నిండాయి?’ అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. గడప దగ్గరే ‘మేం కాలేజీ పిల్లలం, పథకాలకు పేర్లు రాయడానికి రాలేదు’ అని చెప్పేయండి. ఆధార్ నంబరు అడగొద్దు, చెప్పకుండా ఫొటో తీయొద్దు.

ఎక్సెల్‌లో ఇంటికొక వరస, ప్రశ్నకొక నిలువు గడి. పేరు బదులు ఇంటికో నంబరు ఇవ్వండి. ‘లేదు’ అని చెబితే 0 వేయండి, జవాబే చెప్పకపోతే ఖాళీగా వదలండి. ఈ రెండూ కలిస్తే సగటు తప్పిపోతుంది. ‘2-3 బిందెలు’ అన్నారని 2-3 కొట్టారనుకోండి, ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. పొలం లెక్క రాసేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది: ఎకరం ఐదు సెంట్లు అంటే 1.05, ఎకరం యాభై సెంట్లు 1.50. మొదటిదాన్ని 1.5 అని రాస్తే 45 సెంట్లు గాల్లోంచి వచ్చినట్టే. రేపు ఇన్‌వాయిస్‌ల్లో మీరు వెతకబోయేవి ఇలాంటి తప్పులే.

ఏ రోజు పని ఆ రోజు రాసే లాగ్‌బుక్‌లో ‘సర్వే చేశాం, అవగాహన కల్పించాం’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: ‘సాయంత్రం 5.30–8.15. రెండో వీధి, 7 ఇళ్లు, 2 తాళం. నీళ్లు రోజూ వస్తాయా అంటే బోరు నీళ్లూ కలిపి చెబుతున్నారు, అందుకే ప్రశ్న మార్చాం.’ ఆ చివరి వాక్యం ఉంటే ఇంటర్వ్యూలో పది నిమిషాలు ధైర్యంగా మాట్లాడగలరు.

చివర్లో ఒక్క పేజీలో ఫలితం రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి, జవాబులు చెప్పిన వీధిలో చదివి వినిపించండి. ఎవరైనా ‘అది తప్పు’ అంటే రాసుకుని మళ్లీ చూడండి. తమ సమయం ఇచ్చినవాళ్లకు ఆ మాత్రం బాకీ ఉన్నాం.

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు. ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయట కదా, 80 వేలు కట్టి ఏఐ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు కేంద్రం నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపేది) కోర్సు ఒకటి పూర్తి చేయమనండి. చదవడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. పన్నెండు వారాల కోర్సుకు వారం వారం అసైన్‌మెంట్లు. వాటిలో 25కి 10, పరీక్షలో 75కి 30 రావాలి. మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. అతను ఎక్కడ ఆగుతాడో చూస్తే 80 వేల సంగతి మీకే తెలుస్తుంది. యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయవచ్చు. అయితే కాలేజీ ఆ కోర్సును ముందే ఒప్పుకోవాలి, అందుకని రిజిస్టర్ చేసుకోకముందే ప్రిన్సిపాల్ గారిని అడగమనండి.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. హాస్టల్ మెస్ బిల్లు లెక్కకట్టే ప్రోగ్రాం ఏఐతో రాయించమనండి. ఆ తర్వాత ‘వరసగా మూడు రోజులు ఊరెళ్తేనే తగ్గింపు’ అనే నియమం చేర్చమనండి. రెండు రోజులు ఊరెళ్లి, ఒకరోజు ఉండి, మళ్లీ రెండు రోజులు వెళ్లినవాడికి బిల్లెంత? నెలాఖరున రెండు రోజులు, వచ్చే నెల మొదట్లో ఒకరోజు అయితే? ప్రోగ్రాం తప్పితే ఏ లైన్లో తప్పిందో అతను చూపించగలగాలి. డిగ్రీ అయ్యాక కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌కు నమోదు చేసుకోమనండి. అక్కడ స్టైపెండు ఇచ్చి పని నేర్పిస్తారు.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇంటికి అసైన్‌మెంటు ఇస్తే అందరూ ఏఐ రాసిందే తెస్తున్నారు.
– ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: రాతకు సగం మార్కులే ఉంచి, మిగతా సగం మౌఖికానికి మార్చండి మేడమ్. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున 45 మందికి మూడు గంటలు, వారంలో సర్దొచ్చు. అంశాన్ని మీ ఊరికి దింపండి: కాలేజీ దగ్గరి శాసనమో, పాత బావో, సంతో. ఇద్దరు పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాటలు ఎక్కడ కలవలేదో రాసి తెమ్మనండి. మౌఖికంలో అదొక్కటే అడగండి.