జపాన్‌లో చాలా జెన్ బౌద్ధ కుటుంబాలు ధ్యానమే చేయవట, మరి అమెరికాలో అంత పట్టుదల ఎందుకు?

జపాన్‌వాళ్లకు శ్రద్ధ తక్కువని మాత్రం అనుకోకండి. అక్కడ సోతో అనే జెన్ శాఖ గుడితో కుటుంబాలకు తరతరాల సంబంధం ఉంటుంది. చావు కర్మలు చేయించడం, ఓబోన్ రోజుల్లో పెద్దలను తలుచుకోవడం, సమాధులు చూసుకోవడం, వాళ్ల దృష్టిలో భక్తి అంటే ఇదే. చనిపోయిన భర్త కోసం ఏటా గుడికొచ్చే ముసలావిడ శ్రద్ధ, గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాళ్ల శ్రద్ధకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. జాజెన్, అంటే కూర్చుని చేసే ధ్యానం, అక్కడ ఎక్కువగా గుడి గురువులు కాబోయేవాళ్ల శిక్షణలో భాగం. 1872లో ప్రభుత్వం గురువుల పెళ్లిళ్లకు అనుమతి ఇచ్చాక, గుడి తండ్రి నుంచి కొడుక్కి రావడం క్రమంగా మామూలైంది. ఆ కొడుకులు ఎయిహెయిజీ లాంటి మఠంలో కొంతకాలం కఠినమైన శిక్షణ పొంది, తిరిగొచ్చి ఊరి గుడి చూసుకుంటారు.

అమెరికా యువతకు ఈ వారసత్వం లేదు. వాళ్లంతట వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు, కాబట్టి ధ్యానమే సర్వస్వం అయింది. 1959లో జపాన్ సోతో గురువు షున్ర్యూ సుజుకి శాన్‌ఫ్రాన్సిస్కోలోని సోకోజీ గుడికి వచ్చాక ఇద్దరూ ఒకే కప్పు కింద చేరారు: తెల్లవారుజామున ధ్యానానికి అమెరికన్లు, పూజలకూ కర్మలకూ జపనీస్ కుటుంబాలు. పదేళ్లకు ధ్యానం చేసేవాళ్లు పేజ్ స్ట్రీట్‌లో వేరే భవనానికి మారిపోయారు.