యాంటీబాడీ సంగతి తర్వాత, ముందు బ్లాకులు చూసుకో బిడ్డా

బిడ్డా,

రొమ్ము క్యాన్సర్ మార్కర్ల (గడ్డ తీరు చెప్పే ప్రోటీన్ల) మీద థీసిస్ అన్నావు, సంతోషం. మొన్న ఫోన్లో మార్కర్‌కు రంగు పట్టించే యాంటీబాడీ ఏ కంపెనీది కొనాలని అడిగావు కదా, దానికి ఇంకా టైముంది. ముందు బ్లాకుల (మైనంలో పోసి దాచిన గడ్డ ముక్కల) సంగతి చూడు. కోసిన గడ్డ చెడకుండా ఉంచే ఫార్మలిన్ మందులో ఎంతసేపట్లో పడిందో ముందు కనుక్కో. గంటలోపు పడాలి, పెద్ద ముక్కయితే మందు లోపలికి ఇంకేలా కోసి వేయాలి, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. మన వైపు సంగతి నీకు తెలియంది కాదు, శనివారం సాయంత్రం ఆపరేషన్ అయితే ముక్క సోమవారం బస్సులో హనుమకొండకు వస్తుంది, అదీ ఒక్కోసారి ఫార్మలిన్ లేకుండా ఉత్త సెలైన్ సీసాలో!

నేనూ బోల్తా పడ్డాను. ఒకావిడకు ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్) నెగెటివ్ అని రాసి సంతకం పెట్టేశాను. ఎందుకో మనసొప్పక పొద్దున్నే మళ్ళీ స్లైడ్ పెట్టి చూస్తే, గడ్డ పక్కనున్న మామూలు పాల నాళాల్లో కూడా రంగు లేదు. అక్కడ కొన్ని కణాలైనా రంగు పట్టాలి కదా, పట్టలేదంటే స్టెయినే పని చేయలేదు. అంతకుముందు తీసిన బయాప్సీ బ్లాక్ మీద చేయిస్తే పాజిటివ్. నా రిపోర్టు అలాగే పోయుంటే ఈఆర్ పాజిటివ్ వాళ్ళకిచ్చే టమాక్సిఫెన్ మాత్ర ఆమెకు దక్కేది కాదు. అప్పట్నుంచి ముందు నాళాలు చూస్తా, తర్వాతే గడ్డ.

ఈఆర్‌లో 1 శాతం కణాలు రంగు పట్టినా పాజిటివే, కానీ 10 శాతం వరకు ఉన్నవాటిని లో పాజిటివ్ అని విడిగా రాసుకో. హెర్2 (గడ్డను వేగంగా పెంచే ప్రోటీన్) 2+ వస్తే, అంటే అటూ ఇటూ తేలకపోతే, ఫిష్ (దాని జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష) చేయించనిదే ఏ గుంపులోనూ కలపకు. అసలు తలనొప్పి కెఐ-67, విభజన చెందుతున్న కణాలు ఎంత శాతమో చెప్పేది. ఒకే స్లైడుకు నువ్వు 14 అంటావు, మీ సార్ 22 అంటారు. ఇద్దరూ విడివిడిగా, పేషెంటు ఏమైందో తెలియకుండా లెక్కపెట్టండి. ఎక్కువ, తక్కువల మధ్య ఎక్కడ గీత గీస్తావో కూడా ముందే రాసిపెట్టు. 14 దగ్గర తేడా రాలేదు, 17 దగ్గర వచ్చింది అంటూ జరుపుకుంటూ పోతే ఏ మార్కర్‌కైనా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది.

ఎవరికి ఏ మందు ఇచ్చారో కేస్ షీట్ నుంచి తప్పక తీయి. హెర్2 ఎక్కువున్న గడ్డలు త్వరగా తిరగబెడతాయని 1987లో చెప్పారు, 1998లో హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు వచ్చాక ఆ లెక్కే మారిపోయింది. మందు సంగతి లేకుండా ఎన్నాళ్ళు బతికారని గ్రాఫ్ గీస్తే నేనైతే ఒప్పుకోను.

ఇంకోటి, ఈ ఏడాది కేసులు పెట్టుకోకు. ఈఆర్ పాజిటివ్ గడ్డలు అయిదేళ్ళు దాటాక కూడా తిరగబెడతాయి, నీ చేతిలో ఉన్నవి రెండేళ్ళే. పదేళ్ళ నాటి బ్లాకులు తీసి కొత్తగా సెక్షన్లు (స్లైడు మీద పెట్టే పలుచటి పొరలు) కోయించు, ఎప్పుడో కోసి పెట్టిన స్లైడుల్లో రంగు సరిగ్గా రాదు. ఫోనుకు దొరకని వాళ్ళను బతికున్నట్టు వేయకు, చివరిసారి కనిపించిన తేదీ దగ్గర ఆపు.

ఎథిక్స్ కమిటీ కాగితంలో పేషెంట్ల ఇళ్ళకు ఫోన్ చేస్తానని కూడా రాయించు. చేసేటప్పుడు పొద్దున ఏడు లోపే చెయ్యి, తర్వాత పత్తి చేన్లకు పోతారు, ఎవరూ ఎత్తరు. "ఆమె ఉన్నారా" అని మొదలుపెట్టకు, "అందరూ ఎట్లున్నారమ్మా" అని అడుగు, వాళ్ళే చెబుతారు.

మీ పెద్దబాపు