మాస్కు మాటున మాట అందడం లేదు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువ. వినికిడి యంత్రం పెట్టుకున్నా, ఎదుటివారి పెదవులు చూస్తేనే మాట పోల్చుకుంటుంది. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. తోడు వెళ్లేది అమ్మే. అక్కడ అందరికీ మాస్కు తప్పనిసరి. నర్సులు చెప్పేది అర్థంకాక మళ్లీ అడిగితే విసుక్కుంటున్నారట. మాస్కు తీసి మాట్లాడమని అడగవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అడగవచ్చు, ఒక్క సందర్భంలో తప్ప. మీ నాన్నగారికి మెడ దగ్గర అమర్చిన క్యాథెటర్ ద్వారా డయాలసిస్ చేస్తుంటే, దాన్ని యంత్రానికి కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు నర్సుకూ ఆయనకూ మాస్కు ఉండి తీరాలి. ముక్కు, నోటిలోని క్రిములు ఆ గొట్టం గుండా నేరుగా రక్తంలోకి చేరగలవు. ఆ కాసేపు వదిలేసి, చెప్పాల్సినవి ముందో తర్వాతో వరండాలో కొంచెం ఎడంగా నిలబడి చెప్పమనండి.

విసుక్కునేవారికి తెలియనిది ఒకటుంది. మాస్కు పెదవులను దాచడంతో ఆగదు. స, ష, త, క లాంటి హల్లులను గుర్తుపట్టించే సన్నని ధ్వనులను కూడా తగ్గించేస్తుంది. మామూలు సర్జికల్ మాస్కుతో 3-4 డెసిబెల్స్, ఎన్95తో సుమారు 12 డెసిబెల్స్ వరకు. గొంతు పెంచితే అచ్చులే మోగుతాయి, హల్లులు అంతగా తేరుకోవు. నాన్నగారి సంగతులు వార్డంతా వింటుంది, అమ్మగారు తప్ప!

పెదవులు కనిపించే పారదర్శక మాస్కులు ఉన్నాయి. అయితే ప్లాస్టిక్ ధ్వనిని ఇంకొంత ఆపుతుంది, ఆవిరి కూడా పడుతుంది. నన్నడిగితే కాగితం, పెన్నే మేలు. మందు మోతాదు, రోజుకు ఎన్ని నీళ్ల వరకు తాగవచ్చో, డయాలసిస్‌లో తగ్గించాల్సిన నీటి బరువెంతో రాసే ఇవ్వాలి. మాటను తెలుగు అక్షరాల్లో చూపే ఫోన్ యాప్‌లు కబుర్లకు పనికొస్తాయి కానీ, యంత్రాల రొదలో అంకెలు తప్పుగా పడవచ్చు.

అమ్మగారు కూడా మాస్కు పెట్టుకోవాలి కదా, చెవి వెనుక యంత్రం ఉన్నవారు తల వెనుక ముడి వేసుకునే మాస్కు వాడాలి. చెవికి తగిలించేది లాగినప్పుడు యంత్రం ఊడి ఎక్కడ పడిందో తెలియక మా దగ్గరకు వచ్చేవారు ఉన్నారు.

ఇదంతా దయతో చేసే పని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, సముచితమైన ఏర్పాటు నిరాకరించడం వివక్ష కిందికే వస్తుంది. అమ్మగారికి వైకల్య ధ్రువీకరణ పత్రం లేకపోతే వినికిడి పరీక్ష చేయించి దరఖాస్తు పెట్టండి. ఈలోగా యూనిట్ ఇన్‌ఛార్జిని ఒకసారి కలవండి. షిఫ్టు మారితే నర్సులూ మారతారు కాబట్టి, నాన్నగారి ఫైలు అట్టపైనే పెద్ద అక్షరాలతో రాయించండి: "భార్యకు వినికిడి తక్కువ. చెప్పేది రాసి ఇవ్వండి."