రోమ్‌లో ఉంటున్నాను, పాంపే దాకా వెళ్లే తీరిక లేదు. దగ్గర్లో చూడదగ్గ ప్రాచీన శిథిలాలు ఏవి?

ఓస్తియా ఆంతికా. పోర్తా సాన్ పావొలో స్టేషన్ నుంచి లోకల్ రైల్లో దాదాపు అరగంట, సోమవారం సెలవు. ఒకప్పుడు ఇది రోమ్ రేవు పట్టణం. టైబర్ నది ఒండ్రు మేటవేయడంతో సముద్రం సుమారు 3 కిలోమీటర్లు వెనక్కి జరిగింది.

ఇక్కడ రాజుల వైభవం కన్నా మామూలు జనం బతుకే ఎక్కువ కనబడుతుంది. నాకు నచ్చేదీ అదే. ఇటుకలతో కట్టిన అపార్ట్‌మెంట్లు, పాలరాతి అరుగున్న పూటకూళ్ల అంగడి, దాని గోడ మీద తినుబండారాల బొమ్మలు. థియేటర్ వెనక ఉన్న వర్తకుల చౌకును మాత్రం తీరిగ్గా చూడండి. గదుల ముందు నేలపై నలుపు తెలుపు మొజాయిక్‌లో ఓడలు, దీపస్తంభం ఉంటాయి. నేటి లిబియాలోని సబ్రాతా నుంచి వచ్చిన వర్తకుల గది ముందైతే ఏకంగా ఏనుగే! జూలై, ఆగస్టుల్లో మిట్టమధ్యాహ్నం వెళ్లకండి.