చిక్కుడు పాదు మీద పురుగులా? కాస్త ఆగండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మిద్దె మీద టబ్బులో చిక్కుడు పెట్టాను. పూత బాగానే వచ్చింది కానీ కొసల నిండా నల్ల పేనుబంక. నిన్న చూస్తే వాటి మధ్య కాళ్లు లేని ఆకుపచ్చ పురుగులు, పైన పసుపు చారల ఈగలు! ఇంకో తెగులేమో అని టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టాలి? ఈగలతో పురుగుల్ని చంపిస్తారట, అవి సిటీలో ఎక్కడ దొరుకుతాయి?

– ఒక పాఠకురాలు

జవాబు: కొనడం దేనికండీ, మీ మిద్దె మీదే ఉన్నాయి! మీరు చెప్పినదాన్ని బట్టి అవి సిర్ఫిడ్ ఈగలు, ఆ ఆకుపచ్చవి వాటి పిల్లలు. కళ్లు ఉండవు, తల అటూ ఇటూ ఆడిస్తూ తడుముకుంటాయి, పేను తగిలిందంటే నోటితో పట్టి పైకెత్తి రసమంతా పీల్చేసి తొక్క పారేస్తాయి. భూతద్దం ఉంటే చూడండి, టీవీ సీరియల్ కంటే నయం. ఒక్కో పిల్ల ఈగ అయ్యేలోపు వందల పేన్లని తినేస్తుంది. పెద్ద ఈగ మాత్రం పుప్పొడీ తేనే తాగి బతుకుతుంది, కుట్టదు.

కాబట్టి మందు వద్దు, వేపనూనె కూడా ఇప్పుడే వద్దు, వీటికీ తగులుతుంది. అసలు శత్రువులు చీమలు. పేన్లు వదిలే తీపి బంక కోసం కాపలా కాస్తూ ఈ పిల్లల్ని తరిమేస్తాయి. టబ్బు స్టాండు కాళ్లని నీళ్ల గిన్నెల్లో పెట్టండి, దోమలు పెరగకుండా రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. పాదు పందిరికో గోడకో ఆనుకుని ఉంటే ఆ దారీ చూసుకోవాలి, లేకపోతే చీమలు అటునుంచి వచ్చేస్తాయి. రెండు కుండీల కొత్తిమీర కోయకుండా పూతకి వదిలేయండి, ఆ పూలంటే పెద్ద ఈగలకి ప్రాణం.

షాపుల్లో ఇచ్చే ట్రైకో కార్డుల్లో ఉండేవి ఈగలు కావు, బుల్లి కందిరీగలు. రెక్కల పురుగుల గుడ్ల మీద పనిచేస్తాయి, పేనుబంకకి దండగ.

బయటినుంచి ఈగల్ని తెచ్చి వదలడం పెద్ద వ్యవహారం. 1925లో ఫిజీలో కొబ్బరి ఆకులు తినే పురుగు మీదికి మలయా నుంచి టాకినిడ్ ఈగని (దీని పిల్లలు పురుగు ఒంట్లోనే పెరిగి దాన్ని చంపుతాయి) తెస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. అమెరికాలో 1906 నుంచి వదిలిన అదే కుటుంబానికి చెందిన మరో ఈగ మాత్రం అక్కడి అడవి పట్టుపురుగుల్నీ పట్టింది. మన పట్టు రైతుల్ని ఏడిపించే ఊజీ ఈగదీ ఆ కుటుంబమే మరి.

వారం తర్వాత కూడా పేన్లు తగ్గకపోతే, పిల్లలు లేని కొసల్ని తుంచేసి, పొద్దున్నే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి.